రెండు స్టార్లిచ్చిన వింగ్స్ దుకాణానికి మళ్లీ రివ్యూ

2023 అక్టోబరులో ఈ చికెన్ వింగ్స్ (కోడి రెక్కల వేపుడు) దుకాణానికి రెండు స్టార్లు ఇచ్చింది నేనే. ఆ ఆదివారం మా షార్లెట్ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కరోలినా ప్యాంథర్స్ వాళ్లు మయామీలో ఆడుతున్నారు. ఆట మొదలైన కాసేపటికే 14-0తో ముందుకెళ్లారు. అప్పటికి ఆ సీజన్‌లో ఒక్కటీ గెలవలేదు కదా, ఆ ఊపులో ఇంకో పది వింగ్స్ చెప్పాం. అవి టేబుల్ మీదకు వచ్చేసరికి కథంతా తిరగబడింది. చివరికి 42-21తో ఓడిపోయాం. వింగ్స్ చల్లారిపోయాయి, సాస్ మొత్తం అడుగు కాగితం పీల్చేసింది, పది చెబితే తొమ్మిదే ఉన్నాయి. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా రివ్యూ రాసేశాను. ఇప్పుడు తీసి చదువుకుంటే, అందులో సగం కోపం వంటవాడి మీద కాదని నాకే తెలుస్తోంది.

ఆ తర్వాత ఇక్కడికి నలభైసార్లకు తక్కువ రాలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. దక్షిణ షార్లెట్‌లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, ఇప్పటికే ఆదివారం టేబుల్ దొరకడం లేదు. ఒక కిరాణా కొట్టుకీ పళ్ల డాక్టరుకీ మధ్య ఉంటుంది, గుమ్మం పక్కన నల్ల చిరుత బొమ్మ ఉంటుంది. కావాల్సినవాళ్లు వెతుక్కుంటారు.

ముందు తిండి సంగతి. ఎముకున్న వింగ్స్ పది 17 డాలర్లు, బోన్‌లెస్ 14. బోన్‌లెస్ జోలికి పోకండి. అవి వింగ్సే కావు, బ్రెస్ట్ ముక్కలకు పిండి పట్టించి వేసిన పకోడీలు. ఎముకున్నవాటిలో డ్రమ్, ఫ్లాట్ అని రెండు రకాలు. డ్రమ్ బుల్లి లెగ్‌పీస్‌లా ఉంటుంది, పిల్లలు దానికోసమే కొట్టుకుంటారు. ఫ్లాట్‌లో రెండు సన్నటి ఎముకలు, మధ్యలో కండ. ఒక కొస పట్టుకుని చిన్న ఎముకను మెలితిప్పి లాగేస్తే మిగతాదంతా ఒక్క పట్టున నోట్లోకి వచ్చేస్తుంది. ఈ విద్య నాకు మా ఆఫీసు లీడ్ నేర్పాడు. పక్కనే గాస్టోనియాలో పుట్టి పెరిగినవాడు. పన్నెండేళ్ల క్రితం నేను ఈ ఊరికి వచ్చినప్పుడు క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటో చెప్పింది కూడా అతనే: "బంతి ఎవరికి వెయ్యాలో మూడు సెకన్లలో తేల్చుకునేవాడు. తేల్చుకోలేకపోతే మీద నలుగురు పడతారు."

ఆ మొదటిరోజు నేను చేసిన తప్పొకటి ఉంది. సాస్‌లో కలిపి తెమ్మన్నాను. కలిపి తెస్తే పది నిమిషాల్లో తోలు నానిపోతుంది. ఈ ఆటలో క్వార్టర్ పేరుకు 15 నిమిషాలే గానీ, టైమౌట్లూ ప్రకటనలూ కలిపితే ముప్పావుగంట. ఏ వింగ్ ఆగుతుంది అంతసేపు? కాబట్టి "ఎక్స్‌ట్రా క్రిస్పీ, సాస్ పక్కన" అని చెప్పండి. ఇంకా మంచిది, లెమన్ పెప్పర్ పొడి చల్లినవి చెప్పండి. అవి మూడో క్వార్టర్‌లో కూడా కరకరలాడతాయి. మ్యాంగో హబనేరో సాస్‌తో జాగ్రత్త. నోట్లో పెట్టగానే మామిడితాండ్రలా ఉంటుంది, మన ఒంగోలు నాలుకకు ఇదొక లెక్కా అనుకుంటాం. రెండు నిమిషాల తర్వాత చెవులు మూసుకుపోతాయి. సెలెరీ కాడలు నాలుగు ఇస్తారు, ఎండకు వదిలేసిన తోటకూర కాడల్లా వాడిపోయి. బ్లూ చీజ్ గిన్నె తెచ్చి పెడితే ఆ వాసనకు మా ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. దాని బదులు ర్యాంచ్ డిప్ అడగండి.

పిల్లలతో వెళ్తే చీర్‌వైన్ చెప్పండి. పేరులో వైన్ ఉందని కంగారుపడకండి, చెర్రీ సోడా. మా పక్కన సాలిస్‌బరీ ఊళ్లో 1917 నుంచీ చేస్తున్నారు. మా అబ్బాయికి పదేళ్లు, ఒంటి మీద ఎప్పుడూ 9 నంబరు జెర్సీ, చేతిలో చీర్‌వైన్. ఆ 9 నంబరు మా క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ది, అక్కడే అందరి గొడవా.

టీవీలు 22, లెక్కపెట్టాను. సౌండ్ ఒక్కదానికే ఉంటుంది. ప్యాంథర్స్ ఆడుతుంటే అదే పెడతారు, అది మర్యాద. కానీ షార్లెట్‌కు బఫెలో నుంచీ పిట్స్‌బర్గ్ నుంచీ వలస వచ్చినవాళ్లు బోలెడుమంది, మావాళ్లు పూర్తిగా చేతులెత్తేసిన రోజున వాళ్లలో ఎవరో మేనేజరు చెవిలో ఊదుతారు, సౌండ్ వాళ్ల జట్టు ఆటకు మారిపోతుంది. 2023లో మావాళ్లు 17 ఆటల్లో గెలిచినవి రెండే. ఆ ఏడాది నేను విన్నదంతా బఫెలో కామెంటరీయే.

వెనకవైపు పొడవాటి టేబుల్ ఒకటి ఉంది, రచ్చబండ లాంటిది. ఎప్పుడూ వచ్చేవాళ్లు అక్కడ కూర్చుంటారు, ఎవరొచ్చినా కాస్త జరిగి చోటిస్తారు. ఈ దుకాణంలో నాకు నచ్చింది అదే. మా పాత ఆటగాడు లూక్ కీక్లీ 59 జెర్సీ వేసుకుని ఒక పెద్దాయన వస్తాడు, 1996లో స్టేడియం తెరిచిన రోజు నుంచీ సీజన్ టికెట్ ఉన్నవాడు, ఈమధ్య మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక సీటు కొడుక్కిచ్చి ఇక్కడ కూర్చుంటున్నాడు. మా లీడ్ వస్తాడు. ఇంకొకాయన డీజే మూర్ పాత కరోలినా జెర్సీ, 2 నంబరుది, ఇప్పటికీ వదలకుండా వేసుకొస్తాడు. మూర్‌ని 2023లోనే షికాగోకు ఇచ్చేశారు. చనిపోయినవాళ్ల గడియారం పెట్టుకున్నట్టు వేసుకుంటాడు ఆ జెర్సీని.

ఈ టేబుల్ దగ్గర నడిచే యంగ్ వాదన తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఇక్కడి డ్రాఫ్ట్ మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు, డబ్బుతో పనిలేదు. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అందరికంటే అడుగున ఉన్న జట్టుది మొదటి వంతు. ఆ వంతుల్ని జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు, వచ్చే ఏళ్లవి కూడా. చేలో పైరు పొట్ట మీద ఉండగానే ధాన్యం బేరం పెట్టేసినట్టు. 2023 మార్చిలో మావాళ్లు షికాగోతో అదే చేశారు. మొదటి వంతు తెచ్చుకుని, అలబామా యూనివర్సిటీలో ఉండగా కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైస్‌మన్ బహుమతి గెలిచిన బ్రైస్ యంగ్‌ని తీసుకున్నారు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. క్వార్టర్‌బ్యాక్ పనికి పొట్టి కిందే లెక్క, ముందు నిలబడేవాళ్లు తాటిచెట్లలా ఉంటారు మరి. రెండో వంతులో హ్యూస్టన్ వాళ్లు ఇంకో క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్‌ని తీసుకున్నారు. ఆ ఏడాది కొత్త కుర్రాళ్లలో ఉత్తమ ఆటగాడు స్ట్రౌడే.

నా ఖర్మ ఏమిటంటే, మా బావమరిది ఉండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. ఆదివారం రాత్రి ఎనిమిదింటికల్లా ఫోన్. "బావా, మీ పొట్టోడు ఎలా ఉన్నాడు?" అక్క కులాసా అడగడు, మేనల్లుడి చదువు అడగడు. నా దగ్గర ఒకే ఒక్క జవాబుండేది. ఆ 2023 అక్టోబరు 29న ఇద్దరూ ఎదురెదురుగా ఆడితే యంగే 15-13తో గెలిచాడు. ఆ సీజన్‌లో మాకు మొదటి గెలుపది, అది కూడా స్ట్రౌడ్ మీద. ఆ స్కోరును రెండేళ్లపాటు చద్దన్నంలా రోజూ నీళ్లు పోసుకుని తిన్నాను.

2024 ఇంకా ఘోరం. కోచ్ డేవ్ కనాలిస్ రెండంటే రెండు ఆటలు చూసి యంగ్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు, పెద్దవాడు ఆండీ డాల్టన్‌ని దింపాడు. ఆ రోజు మా అబ్బాయి అన్నం తినలేదు. తర్వాత డాల్టన్‌కు కారు ప్రమాదంలో బొటనవేలికి దెబ్బ తగిలింది, యంగ్ మళ్లీ దిగాడు. అక్కడి నుంచి కుర్రాడి నడకే మారింది. ఆ సీజన్ ఆఖరి ఆట అట్లాంటాలో ఓవర్‌టైమ్‌లో 44-38తో గెలిచినప్పుడు 59 జెర్సీ పెద్దాయన టేబుల్ మీద గుద్దిన గుద్దుకు నా చీర్‌వైన్ ఒలికిపోయింది. సర్వ్ చేసే అమ్మాయి అడక్కుండానే ఇంకోటి తెచ్చింది, బిల్లులో వెయ్యలేదు. రాసిపెట్టుకున్నాను, అరస్టారు పెరిగింది.

ఇక 2025 సీజన్ మొత్తం ఊరించడం, ఉసూరుమనిపించడం. నవంబరులో అట్లాంటాలోనే యంగ్ ఒకే ఆటలో మొత్తం 448 గజాలు విసిరి, పాత క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ పేరుమీదున్న జట్టు రికార్డును తుడిచేశాడు. ఆ మరుసటి వారమే శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు చేతిలో 20-9 ఓటమి, చూడలేకపోయాం. ఆ తర్వాతి వారం లాస్ ఏంజిలిస్ రామ్స్ లాంటి జట్టుని కొట్టాడు. ఇలాంటివాడిని ఉంచుకోవాలా, వదిలెయ్యాలా? ఈ ప్రశ్న మీద ఆ టేబుల్ దగ్గర ఎన్ని జగ్గుల బీరు ఖర్చయిందో దుకాణం యజమానికే తెలియాలి. చివరికి ఆఖరి ఆట ఓడిపోయి కూడా, మర్నాడు అట్లాంటా గెలిచిన పుణ్యాన ఎనిమిది గెలుపులు, తొమ్మిది ఓటములతోనే మా నాలుగు జట్ల డివిజన్‌లో మొదటి స్థానం మాదైంది. ఏ అట్లాంటాని ఏడాదంతా తిట్టామో ఆ అట్లాంటాకి ఆ ఆదివారం చప్పట్లు కొట్టాం.

2017 సీజన్ తర్వాత మాకు ప్లేఆఫ్స్, అంటే నాకౌట్ ఆటలు, మళ్లీ అప్పుడే. 2026 జనవరి 10, మా ఊళ్లోనే, మళ్లీ రామ్స్‌తోనే. స్టేడియం టికెట్ ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. దుకాణమే గతి. చిక్కల్లా అది శనివారం కావడం. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం, వెంకటేశ్వరస్వామి వారం. ఎనిమిదేళ్లకొకసారి వచ్చిన ఆటకు వింగ్స్ దుకాణంలో కూర్చుని వింగ్స్ తినకూడదు.

అలా ఆ రోజు వాళ్ల వెజ్ మెనూ మొత్తం పరీక్ష పెట్టాల్సొచ్చింది. ఫ్రైడ్ పికిల్స్ (ఊరబెట్టిన దోసకాయ ముక్కల వేపుడు) ఏ నూనెలో వేయిస్తారని అడిగాను. దుకాణం కిటకిటలాడుతోంది, ఆ అమ్మాయి చేతిలో నాలుగు పళ్లేలున్నాయి. వేరే నూనె అని చెప్పేసి వెళ్లిపోయినా నాకు తెలిసేది కాదు. లోపలికెళ్లి కనుక్కుని వచ్చి చెప్పింది: "ఫ్రైస్‌కు మాత్రమే వేరే ఫ్రయర్. పికిల్స్, ఆనియన్ రింగ్స్, చీజ్ స్టిక్స్ అన్నీ చికెన్ వేయించిన నూనెలోనే. మీరు ఫ్రైస్ తినండి." నేనూ మా ఆవిడా మావాడూ ఫ్రైసూ, ఆ వాడిన సెలెరీయూ తిని మూడున్నర గంటలు గడిపాం. ఫ్రైస్ బాగున్నాయి, ఉప్పు మాత్రం ఒక చిటికె తగ్గాలి. ఎదురుగా మా లీడ్ ఒక్కో ఫ్లాట్ మెలితిప్పి లాగుతుంటే చూస్తూ కూర్చోవడం ఒక తపస్సు.

ఆట గురించి ఎంతైనా రాయొచ్చు, రాయను. రెండున్నర నిమిషాలు మిగిలుండగా యంగ్ జేలెన్ కోకర్‌కి ఆరు పాయింట్ల టచ్‌డౌన్ వేశాడు, మేం 31-27. దుకాణంలో పరిచయం లేనివాళ్లు కూడా కావలించుకున్నారు. అర నిమిషానికి పైచిలుకు మిగిలుండగా రామ్స్ క్వార్టర్‌బ్యాక్ మ్యాథ్యూ స్టాఫర్డ్ జవాబు చెప్పాడు. 34-31తో మా పుట్టి మునిగింది. 22 టీవీల్లో ఒకే దృశ్యం, ఒక్కరూ మాట్లాడలేదు. మావాడు జెర్సీ అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు.

ఎవరూ లేవలేదు. కాసేపటికి మా లీడ్ తన పళ్లెంలోంచి ఎముకలు తీసి కాగితం మీద వరుసగా పేర్చాడు. "ఇదీ బ్రైస్ కోసం మనం షికాగోకు ఇచ్చింది" అన్నాడు. ఒక ఫ్లాట్ ఎముక: 2023లో 9వ వంతు. దాన్ని షికాగో ఒక్క మెట్టు దించుకుని డార్నెల్ రైట్‌ని తీసుకుంది, పదేళ్లు క్వార్టర్‌బ్యాక్ ముందు కాపు కాసేంత మనిషి. ఇంకో ఎముక: 61వ వంతు. అది మా స్టార్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇవ్వగా వచ్చింది, అంటే మెకాఫ్రీలో ఒక ముక్క కూడా షికాగోకే చేరింది. మూడోది: 2024 మొదటి రౌండ్. మేం రెండే గెలిచి అడుగున పడ్డాం కాబట్టి అది ఏకంగా మొదటి వంతైంది, షికాగో క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ అయ్యాడు. నాలుగోది: 2025 రెండో రౌండ్, లూథర్ బర్డెన్. ఐదోదానికి, అంటే డీజే మూర్‌కి, ఎముకల్లో పెద్ద డ్రమ్ ఏరి పెట్టి, 2 నంబరు జెర్సీ ఆయన వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు. ఆ వరుసకు ఎదురుగా కాగితం మీద మావాడు ఒక్క ఫ్రెంచ్ ఫ్రై పెట్టాడు. సన్నటిది, పొట్టిది. "ఇది బ్రైస్" అన్నాడు. అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు.

59 జెర్సీ పెద్దాయన వాదన వేరు. తప్పు 2023లో జరగలేదంటాడు. పాత క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్ మా దగ్గర తేలిపోయాడు, మిన్నెసోటా వెళ్లి ఒక్క సీజన్‌లో 14 గెలిచాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌ని సీజన్ మధ్యలో పంపేశాం, టంపాలో నిలదొక్కుకుని ఏటా రెండుసార్లు మా మీదకే వస్తున్నాడు. "ఇద్దరూ ఇక్కడ మాడిపోయినవాళ్లే. అన్నం మాడితే బియ్యాన్ని ఎందుకు తిడతారు, పొయ్యి చూసుకోండి" అన్నట్టుగా ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నేను నా భాషలో అలా అర్థం చేసుకున్నాను. 2021లో క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌ని వదిలేసి డిఫెన్స్ ఆటగాడు జేసీ హార్న్‌ని తీసుకున్నందుకు ఊరంతా తిట్టింది కదా, ఇప్పుడెవరైనా తిడతారా అని కూడా అడిగాడు. ఎవరూ తిట్టరు. హార్న్ ఇప్పుడు జట్టుకు గుండెకాయ.

నా మాట నేనూ చెప్పాను. ఇచ్చిన ధర ఎక్కువా అన్నది ఒక ప్రశ్న, కొన్న వస్తువు మంచిదా అన్నది ఇంకొకటి. ఐదు ఎముకలూ ఎక్కువే, నేను కాదనను. కానీ ఆ బాకీ కుర్రాడు చేసింది కాదు. మొదటి రౌండ్ కుర్రాళ్లకు ఒప్పందం నాలుగేళ్లు, ఐదో ఏడు ఉంచుకోవాలో లేదో జట్టు ఇష్టం. యంగ్ విషయంలో ఆ నిర్ణయం 2026 వసంతంలోనే తేల్చాల్సి ఉంది. ఐదో ఏడు ఇవ్వండి, పెద్ద ఒప్పందానికి ఇంకో సీజన్ చూడండి అన్నాను. మా లీడ్ ఒప్పుకున్నాడు. మావాడు నాకేసి ద్రోహిని చూసినట్టు చూశాడు, వాడి లెక్కలో యంగ్‌కి ఇరవయ్యేళ్లు ఇవ్వాలి.

ఇంతలో రాత్రి ఎనిమిదయింది, టీవీల్లో షికాగో ఆట మొదలైంది, గ్రీన్‌బేతో. లేచి వెళ్లిపోదామంటే 2 నంబరు జెర్సీ ఆయన కదలడే. షికాగో 21-3తో వెనకబడింది. మేనేజరు సౌండ్ తగ్గించబోతే ఆయన వద్దన్నాడు. చివరి రెండు నిమిషాల్లో కేలెబ్ విలియమ్స్ బంతి విసిరాడు, పట్టుకున్నది డీజే మూర్. టచ్‌డౌన్. షికాగో 31-27. మా ఐదు ఎముకల్లో ఒకటి విసిరింది, ఒకటి పట్టుకుంది. ఆయన లేచి నిలబడి, ఎవరివైపూ చూడకుండా, రెండు చేతులూ పైకెత్తాడు. మేం ఓడిన రోజునే అవతలి జట్టుకు చేతులెత్తిన మనిషిని ఆ టేబుల్ దగ్గర ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ అమ్మాయి వచ్చి కాగితం చుట్టేయబోయి, ఎముకల వరుస చూసి ఆగింది. "ఇవి తియ్యొచ్చా?" అని మా లీడ్‌ని అడిగింది. ఆయన ఫ్రై ఒక్కటి తీసి మావాడికిచ్చి, మిగతావి తీసెయ్యమన్నాడు.

ఇప్పుడు స్టార్లు. నాలుగు ఇస్తున్నాను. ఒకటి కోసింది ఫ్రయర్ విషయంలో. పికిల్స్‌కు ఇంకో ఫ్రయర్ పెడితే శనివారాలు మా బోటివాళ్లు పదిమంది వస్తారు. సెలెరీ గురించి రెండేళ్లలో మార్పు లేదు. వింగ్స్ ఇప్పటికీ లెక్కపెట్టుకోండి, పోయిన నెలలో ఒకసారి పార్సిల్‌లో తొమ్మిదే వచ్చాయి. ఫోన్ చేస్తే మర్నాడు రెండు అదనంగా ఇచ్చారు. ఆరుగురికి మించి వెళ్తే టిప్ 18 శాతం వాళ్లే బిల్లులో వేసేస్తారు. చూసుకోకుండా నేనొకసారి ఇంకో 20 శాతం వేసి వచ్చాను, ఇంట్లో ఇప్పటికీ ఆ మాట వస్తుంది. ఒంటిగంట ఆటకు పన్నెండుంపావుకల్లా వెళ్లాలి. వంటింటి తలుపు పక్క టేబుల్ ఇస్తానంటే వద్దనండి, తలుపు తెరిచినప్పుడల్లా టీవీ కనపడదు.

ఆ జనవరి 18న హ్యూస్టన్ ఆటలో స్ట్రౌడ్ నాలుగు బంతులు న్యూ ఇంగ్లండ్ చేతిలో పెట్టాడు, వాళ్ల కథా ముగిసింది. ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ రాలేదు. తొమ్మిదింటికి నేనే చేశాను, అక్క కులాసా అంతా చెప్పాను, ఆట మాట ఎత్తలేదు. వాడే చివర్లో అన్నాడు, వేసవి సెలవులకు షార్లెట్ వస్తున్నాం బావా, ఆ వింగ్స్ దుకాణమేదో చూపించు అని. చూపిస్తాను. వాడికి మ్యాంగో హబనేరో చెప్తాను, సాస్ పక్కన కాదు, కలిపే.